కాన్పు లేని బాలింత

రాజమణికి ఒళ్లు మండిపోతోంది. మండదా మరి! తోటికోడలు రేణుక హైదరాబాదు వెళ్లి, రెండు కాన్పులకు వేలాడిన పొట్టను కోయించుకుని, నడుము చుట్టూ బిగుతు పట్టీతో కేసముద్రం తిరిగొచ్చింది. అత్త లక్ష్మీనర్సమ్మ ఆమెను అచ్చం పచ్చి బాలింతలా చూసుకుంటోంది. నులక మంచం, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది. గుక్కెడుకు మించి నీళ్లివ్వదు, కాలు కింద పెట్టనివ్వదు.

"డాక్టర్ నడువుమన్నడత్తా, నీళ్లు మంచిగ తాగుమన్నడు," అని రేణుక మొత్తుకుంటే, "గాళ్లకేం ఎరుక? కోసిన కడుపు. పండుకో బిడ్డా!" అని దుప్పటి కప్పింది అత్త.

బిడ్డా! ఆ మాట రాజమణికి ముల్లులా గుచ్చుకుంది. తను కనలేదా ఇద్దరిని? పురుడు వెళ్లగానే నాట్లకు పొమ్మన్నది ఈ అత్తే కదా!

అవి తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు. రాజమణి రోడ్డుకు అడ్డంగా వండి నిరసన తెలిపే వంటావార్పుకు వెళ్లి గంటె తిప్పి, ఇంటికొచ్చి రేణుకకు గంజి కాచేది. గంజి పెడుతూ ఆమె ఒంటిని దొంగచూపులతో వెతికేది. ఒక్క ముడత, ఒక్క వంకర, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని. ఆ సన్నని నడుమును చూస్తే కడుపు రగిలిపోయేది.

ఒకనాడు దొరికింది. దుప్పటి తొలగిన చోట ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, ఎర్రగా ఉంది. రాజమణికి పట్టరాని సంతోషం.

"పొట్ట తగ్గిచ్చుకుంటివి గానీ, కాలేందే గట్ల బలిసింది?" అంది, వాకిట్లో వాళ్లకూ వినపడేలా.

రేణుక లేచి చూసుకుంది. ముఖం పాలిపోయింది. "నిన్నటిసంది గుంజుతుంటే పట్టేసిందనుకున్నక్కా. ఒక్క కాలు వాస్తే ఆగకుండ రమ్మన్నడు డాక్టర్. లోపల నెత్తురు గడ్డ కడ్తదట. గది ఊపిరితిత్తులకెక్కితే పానం పోతదట."

"నూనె రాసి తోముత, దిగుతది," అంటూ అత్త చెయ్యి చాపింది.

"ముట్టకత్తా!" రాజమణి అరుపుకు ముసలమ్మ బిక్కచచ్చిపోయింది.

పక్కింటి పోశాలు ఆటో తీశాడు. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పైన ఉడుకుతున్న అన్నం. రాజమణి తల బయట పెట్టి, "జరుగుండ్రి! నా చెల్లె పానం మీదికొచ్చింది!" అని గొంతు చించుకుంది. నిన్నటిదాకా పక్కన గంటె తిప్పినవాళ్లే గుండిగలు పక్కకు లాగి దారిచ్చారు.

వరంగల్ దవాఖానలో గడ్డేనని తేలింది. నెత్తురు పలచబడే సూదులు మొదలుపెట్టారు. నడవొచ్చని డాక్టరు చెప్పిన రోజు రాజమణే ఆమెను వరండాలోకి తీసుకొచ్చింది.

"అత్త నా పక్కపొంటే ఉండె అక్కా. ఆమెకు కనవడలే. నీ లెక్క నా దిక్కు ఎవ్వరు చూడలే," అంది రేణుక.

"ప్రేమతోని చూసిననుకున్నవా? కుళ్లుతోని చూసిన. నీ నడుము జూస్తే గిప్పుడు గూడ మండుతది. నన్ను ఒక్కనాడన్న బిడ్డా అన్నదా గా ముసల్ది?"

రేణుక నవ్వబోయి, కుట్లు లాగితే పొట్ట పట్టుకుంది. "నాకెరుకే అక్కా. ఇంటికి పోయినంక గూడ జర గట్లనే చూడు. నాకు భయమైతున్నది."

రాజమణి నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టింది. "తాగు. తాగి నడువు," అంది, మోచెయ్యి గట్టిగా పట్టుకుని.