మధ్యాహ్నం మూడింటి గంట

మా చర్చిలో ఎవరైనా పోతే, వాళ్ళు ఎన్నేళ్ళు బతికితే గంట అన్ని దెబ్బలు కొడుతుంది. అరటితోటల్లో పనిచేసేవాళ్ళు కత్తులు పక్కన పెట్టి లెక్కపెట్టుకుంటారు. డెబ్బై దాకా వెళ్తే ఎవరో పండిన మనిషి. ముప్పైలో ఆగిపోతే అందరూ ఊళ్ళోకి పరుగే.

అలాంటి ఊళ్ళో, ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి గంట దానంతటదే ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంది. ఒక్క దెబ్బంటే ఏడాది బిడ్డ. చంటిపిల్లల తల్లులు చేతిలో పని వదిలేసి ఉయ్యాలల దగ్గరికి పరుగెత్తారు. ఏ ఇంట్లోనూ ఏమీ కాలేదు. మర్నాడు మూడింటికి మళ్ళీ ఒక్క దెబ్బ. ఆ మర్నాడూ అంతే.

ఆ గంటకి మిషన్ పెట్టింది నేనే. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, వైర్లంటే కాస్త పిచ్చి. నలభై ఏళ్ళు తాడు లాగి లాగి, గంట కొట్టే తాతగారి భుజం పడిపోయింది. టవర్‌కి రంగులు వేసినప్పుడు ఆ పరంజా మీద మనిషిని ఎక్కించి గంట పక్కన కరెంటు సుత్తి బిగించాను. కింద గదిలో వైఫై పెట్టె పెట్టాను. సుత్తికి అడ్డం పడుతోందని తాడు నేనే తీయించేశాను. తాతగారికి చిన్న బటన్లు కనిపించవు. అందుకని ఆయన ఫోన్‌లో ఒక పేజీ పెట్టి, అది తెరవడమే ఆలస్యం, పెట్టెకి రిక్వెస్ట్ వెళ్ళి ఒక దెబ్బ పడేటట్టు రాశాను. సరదాకి ఆ పేజీలో ఆయన తాడు పట్టుకుని నవ్వుతున్న ఫొటో కూడా పెట్టాను.

"చావు గంటకి మాత్రం ఒక్కో దెబ్బా నేనే కొడతానండి టీచర్ గారూ. మిషన్ లెక్కపెట్టకూడదు," అన్నారాయన. ఎండైనా వానైనా ఆ గంట కిందే నిలబడి కొట్టేవారు.

ఒకరోజు పొద్దున ఆయన రాజమండ్రి ఆసుపత్రిలో పోయారు. ఆ రోజు నేను పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీలో ఉన్నాను. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. సాయంత్రం చూసుకుంటే చర్చి నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్. తాతగారి ఫోన్ ఆసుపత్రి సంచిలో ఉండిపోయిందని ఎవరికీ తోచలేదు, తాడు లేదు, టవర్ ఎక్కే నిచ్చెన ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది. ఊళ్ళో అందరికీ గంట కొట్టిన మనిషిని గంట లేకుండా పూడ్చిపెట్టారు. తాతగారి భార్య, మేం మామ్మగారంటాం, నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నెల తిరక్కుండా ఈ మూడింటి దెబ్బ మొదలైంది. తన గంట తనే కొట్టుకుంటున్నాడని ఊరు అనేసుకుంది. నేను పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, అలాంటివి నమ్మను. నమ్మకపోయినా రెండూ నలభై అయ్యేసరికి గడియారం చూసుకోవడం మొదలయ్యేది. పెట్టెలో సుత్తిని కదిలించే రిలే స్విచ్చి మార్చాను. వైరింగ్‌లో తేమ చేరిందనుకుని అంతా విప్పి మళ్ళీ కట్టాను. సుత్తికి వెళ్ళే వైరు పీకేసి పెట్టె ముందు కూర్చున్నాను. సరిగ్గా మూడింటికి లోపల రిలే టక్కుమంది. ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నిజంగా భయపడ్డాను.

ఇంటికి పోయి నన్ను నేను తిట్టుకున్నాను. పెట్టెకి వచ్చిన ప్రతి రిక్వెస్టూ, ఏ ఫోన్ నుంచి వచ్చిందో, అందులోనే రాసి ఉంటుంది. మొదటిరోజే చూడాల్సింది అది. మర్నాడు తెరిచి చూశాను. వరసగా నలభై మూడు, అన్నీ ఒకే నంబరు నుంచి. ఆ నంబరు ఎవరిదో నా నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది. తాతగారి ఫోన్.

మూడింటికి ముందే వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు చర్చి గోడకి ఆనుకునే ఉంటుంది, వైఫై అక్కడిదాకా వస్తుంది. మామ్మగారు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, ఫోన్ తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టారు. తాతగారి నవ్వు. పైన గంట ఒక్కసారి మోగింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"ఆయన్ని పూడ్చిపెట్టిన వేళమ్మా ఇది. సంచిలో దొరికింది ఫోను. ఈ ఫొటో చూస్తే పలుకుతున్నారు," అన్నారు.

చెప్పాలా వద్దా అని లోపల కొట్టుకున్నాను. కానీ పొద్దున్నే ఒక తల్లి బిడ్డని చంకనేసుకొచ్చి, దండం పెడతాను ఆ గంట ఆపించండి అని ఏడ్చింది. చెప్పేశాను. తప్పు నాదేనని, పేజీ తెరిస్తే చాలు దెబ్బ పడేటట్టు రాశానని చెప్పాను.

ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకు అనుమానం వచ్చిందమ్మా. అడగబుద్ధి కాలేదు," అన్నారు. తర్వాత, "ఇవాల్టితో ఎన్నయ్యాయి?" అన్నారు.

"నలభై నాలుగండి."

"ఆయనకి డెబ్బై ఒకటి."

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు విషయం చెప్పారు. ఎవరూ ఇంటికి కదల్లేదు. మామ్మగారు గంట కింద నిలబడి పేజీ తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. జనమంతా ఒకటి నుంచి పైకే లెక్కపెట్టారు. డెబ్బై దగ్గర ఆగి ఫోన్ నా చేతిలో పెట్టారు.

"ఆఖరిది నువ్వు కొట్టమ్మా," అన్నారు.

కొట్టాను. పొరపాటున రెండోసారి తగులుతుందేమోనని ఫోన్ వెంటనే ఆవిడకి ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం మార్చేశాను. ఇప్పుడు పేజీ తెరిస్తే ఫొటో ఒక్కటే వస్తుంది. కొట్టడానికి వేరే బటన్ నొక్కాలి, నిజంగా కొట్టమంటారా అని అది ఒకసారి అడుగుతుంది కూడా. చంటిపిల్లలు నిద్రపోతున్నారు, తల్లులు పని చేసుకుంటున్నారు.

మామ్మగారు ఇప్పటికీ మూడింటికి ఆ పేజీ తెరుస్తారు. పెట్టెలో రాసి ఉంటుంది, రోజూ చూస్తాను. బటన్ ఒక్కరోజూ నొక్కలేదు.