పొడి పలక లెక్క

ఆరేళ్లుగా ఒక మనిషి నా తప్పును తనదనుకుని మోస్తున్నాడు. తెలిసీ నోరు మూసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యాంటెన్నాలకు కంప్యూటర్‌లో మోడల్ కట్టడం నా పని. టేకులపల్లి అవతల అడవిలో సిగ్నల్ అందని ఒక గూడేనికి మెటాసర్ఫేస్ యాంటెన్నా తయారుచేశాం. చూడటానికి బల్లపరుపు పలక, దాని నిండా చిన్న చిన్న రాగి గళ్లు. తరంగం ఎటు మళ్లాలన్నది ఆ గళ్ల కొలతలను బట్టే ఉంటుంది. వానకు తడిస్తే ఏమవుతుందోనని మోడల్‌లో పలక మీద సన్నని నీటి పొర వేసి చూశాను. తరంగం దారి తప్పింది, సిగ్నల్ దాదాపు చచ్చిపోయింది. మర్నాడే రివ్యూ. మళ్లీ డిజైన్ చేయాలంటే నెలలు పడుతుంది. నీటి పొర తీసేసి, పొడి పలక లెక్కనే చూపించి, ఏ కాలంలోనైనా పనిచేస్తుందని రాశాను. భయమా? పేరు మీద ఆశా? రెండూననుకుంటాను. వాన వెలిశాక ఎలాగూ ఆరుతుంది కదా అని కూడా సర్దిచెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ పలకనే గూడెంలో బిగించారు. శ్రావణంలో ముసురు పట్టింది. గూడెంలో ఒకామెకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. ఆశా కార్యకర్త పొద్దంతా అంబులెన్స్‌కు ఫోన్ చేస్తూనే ఉంది, కలవలేదు. చివరికి మంచం మీద మోసుకొస్తుంటే వాగు దగ్గరే తల్లీ బిడ్డా పోయారు.

సిగ్నల్ ఎందుకు పోయిందన్న విచారణలో, యాంటెన్నా కేబుల్ జాయింట్‌లోకి నీళ్లు వెళ్లాయేమోనని ఎవరో అన్నారు. నేను కాదనలేదు. ఆ మాటే రిపోర్టుకెక్కింది. కింద నా సంతకం. ఆ జాయింటు కట్టిన పాల్వంచ టెక్నీషియన్‌ను పనిలోంచి తీసేశారు. నాకంటే పదేళ్లు పెద్ద. వెళ్లేముందు నా దగ్గరకు వచ్చాడు.

"టేపు మంచిగనే సుట్టిన అనుకున్న మేడం. యాడనో నా చెయ్యే తప్పింది. ఇద్దరి పానాలు తీసిన."

అప్పుడైనా నోరు పెగలాలి కదా. పెగిలింది.

"గట్ల మనసుల పెట్టుకోకు అన్నా. మనిషన్నంక తప్పులు అయితయ్."

ఆయన నాకు దండం పెట్టాడు. చేయని తప్పుకు నేనాయన్ని క్షమించాను, చూశారా! అబద్ధపు రిపోర్టు కన్నా ఆ ఓదార్పే నన్ను ఎక్కువ తింటోంది. రిపోర్టు ఆయన ఉద్యోగాన్ని తీసింది, నా మంచితనం ఆయనకు తన మీదున్న నమ్మకాన్నే తీసేసింది.

ఏటా ఆ గూడేనికి వెళ్లి, ఆ ఇంటివాళ్ల కాళ్లు పట్టుకుంటాడని విన్నాను. ఆ కాళ్లు పట్టుకోవలసింది నేను. ఇంకా వెళ్లలేదు. వెళతానని మీకు మాటివ్వను, నా మాటకు విలువెంత?

ఎవరికీ చెప్పనిది ఇంకొకటుంది. ఇప్పుడు రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. ఆయన వెళ్లిపోయాక ఆ జాయింటును నా చేతులతోనే విప్పి చూశాను. లోపల చుక్క తడి లేదు.