టెంక మింగిన కిట్టు, తిట్లు తిన్న ఆంటీ

ఎదుటి మనిషిని తిట్టకుండా కుక్కను పట్టుకోవడం నాగభూషణానికి చేతకాదు. టార్నీట్ అనే శివారు పేటలో ఓ పశువుల క్లినిక్‌లో అసిస్టెంటు. పిల్లుల గోళ్లు కత్తిరిస్తాడు, కుక్కలను తూకం వేస్తాడు, వాటిని తెచ్చినవాళ్లను దులిపేస్తాడు. మూగజీవాలకు మాత్రం "గారు" తప్పదు. ఆయన గొంతు లేచిందంటే స్టేషన్‌లో ఆగాల్సిన రైలు ఆగకుండా పారిపోతుందని ప్రతీతి.

ఆ సంగతి తెలియక లలితకుమారి ఆంటీ ఓ శనివారం తన కుక్క కిట్టును ఈడ్చుకుంటూ వచ్చింది. మామిడికాయ పప్పులో టెంకను చీకి పడేయమని ఇస్తే, అది చీకకుండా మింగేసింది. ఒకటే వాంతులు. డాక్టర్ బిందుమాధవి ఎక్స్‌రే చూసి, "ఇప్పుడే ఆపరేషన్ చేసి తీయాలి ఆంటీ, లేకపోతే ప్రమాదం" అంది.

ఆంటీ చేతులు వణికాయి. చేతిలో గొలుసు వణికింది. గొలుసు చివర కిట్టు వణికింది.

"పప్పెవరు చేశారు?" అన్నాడు నాగభూషణం.

"నేనే."

"అనుకున్నా. మనుషులు తినకపోతే కుక్కకు పడేశారన్నమాట!"

ఆంటీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె పప్పు కోసం ఊరికి ఆ చివరనున్న క్లైడ్ నార్త్ నుంచి కార్లేసుకుని వస్తారు జనం!

"నువ్వు తిన్నావటయ్యా నా పప్పు?"

"కిట్టుగారు తిన్నారుగా! చూస్తున్నాంగా ఫలితం!"

"మర్యాదగా మాట్లాడు!"

"గారు అన్నానండీ!"

"దాన్ని కాదు, నన్ను!"

కోపంతో ఆంటీ చెయ్యి బిగుసుకుంది. వణుకు ఆగింది. కిట్టు ఆమె మోకాలికి ఆనుకుని కుదురుగా నిలబడింది. నాగభూషణం దాని కాలు పట్టుకోగానే బిందుమాధవి మత్తుసూది గుచ్చేసింది.

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆంటీ బయట పచార్లు చేస్తూ పళ్లు నూరుకుంది. భయపడడానికి తీరిక దొరకలేదు.

బిందుమాధవి టెంక పట్టుకొచ్చి, "కిట్టుకేం ఫరవాలేదు" అంది.

"హమ్మయ్య! ఇక ఆ నోటిదూలగాణ్ణి ఉద్యోగంలోంచి పీకెయ్!"

"చేతులు వణికేవాళ్లనే తిడతాడు ఆంటీ. మన భయం గొలుసు పట్టుకుని మూగజీవాల్లోకి దిగిపోతుందట. కోపమొస్తే భయం మర్చిపోతాం కదా!"

"అయితే మాత్రం, నా పప్పునా?"

కుట్లు విప్పేరోజు ఆంటీ పెద్ద పప్పన్నం క్యారేజీతో, గరిటెతో దిగింది. నాగభూషణం గిన్నె అడుగు కూడా గీకి, "ఉప్పు తక్కువ" అని ఆఖరి ముద్ద నోట్లో కుక్కుకున్నాడు.

ఆంటీ గరిటె ఎత్తింది. అంతలో ఓ అమ్మాయి పిల్లిబుట్టతో లోపలికొచ్చింది. బుట్ట గడగడ వణుకుతోంది. నాగభూషణానికి నోటినిండా అన్నం.

ఆంటీ గరిటె దించి అటు తిరిగింది. "ఏమ్మా, మీ ఇద్దరిలో పిల్లి ఎవరు? ఆ జుట్టేంటి?"

"ఎక్స్‌క్యూజ్ మీ?" అమ్మాయి కళ్లెర్రజేసింది.

బుట్ట వణకడం మానేసింది.