తలుపుకు తగిలించిన పలక

“మా పాప ఏడుపు భరించలేక ఖాళీ చేయమంటున్నారా, పెద్దమ్మా?” తలుపుకు ఎవరో తగిలించిన, జర్మన్‌లో ఏదో రాసి ఉన్న చెక్కపలకను చూపిస్తూ మహసా అడిగింది. ఇరాన్ నుంచి వచ్చి, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆ ఇల్లు అద్దెకు తీసుకుని వారమే అయింది.

పై అంతస్తు నుర్తెన్ నవ్వింది. “పిచ్చిపిల్లా, ఈ వారం మెట్లు తుడిచే వంతు నీదని దానర్థం. నేను టర్కీ నుంచి వచ్చినప్పుడు నన్ను తమలో కలుపుకుని మా తలుపుకు ఇది తగిలించడానికి ఈ మేడవాళ్లకు రెండేళ్లు పట్టింది.”

“ఆ రెండేళ్లూ ఏం చేశారు?”

“ఎవరూ చెప్పకుండానే తుడిచాను.”

డెబ్బై ఆరేళ్ల ఆ మనిషి మోకాళ్ల మీద కూర్చుని మెట్టు మూల తుడిచి చూపిస్తుంటే, మహసా రెప్పవేయడం మరిచిపోయింది.

“పాప ఏడవకముందే ఇంటింటికీ వెళ్లి దాని పేరు చెప్పి రా,” అంది నుర్తెన్. “ పేరు తెలిసిన పిల్ల ఏడిస్తే ఎవరూ విసుక్కోరు.”

ఆ సాయంత్రమే మహసా పాపను ఎత్తుకుని పక్కింటి గంట నొక్కింది.