పల్లవికీ చరణానికీ మధ్య ఒక ప్రకటన

మీరు రోజూ ఉచితంగా చదివే వెబ్‌సైటు రేపు మూతపడితే, అందులో మీ చెయ్యి ఎంతవరకు ఉందో చెప్పగలరా? నేను చెప్పగలను. అందుకు గర్వపడటం లేదు.

అల్లూరు దగ్గర మా ఊరి చర్చిలో పాటకు ఒక పద్ధతి ఉంది. మా పెద్దమ్మ ముందు నిలబడి ఒక్కొక్క పంక్తి చదివి అందిస్తుంది. సంఘమంతా దాన్ని అందుకుని రెండుసార్లు పాడుతుంది. పుస్తకాలు కరవైన రోజుల్లో మొదలైన ఈ అలవాటు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక కూడా మారలేదు. చూపు మందగించాక పెద్దమ్మకు పుస్తకంలోని అక్షరాలు ఆనడం లేదు. సూళ్లూరుపేటలో జిరాక్సు షాపు నడుపుకునే ఒక విశ్వాసి పాత కీర్తనలన్నీ స్వయంగా టైపు చేసి, పెద్ద అక్షరాలతో ఒక వెబ్‌సైటులో పెట్టాడు. ఆమె ఇంకా ముందు నిలబడగలుగుతున్నది ఆ సైటు వల్లనే.

ఒక ఆదివారం ఆమె ఫోనులో పల్లవికీ మొదటి చరణానికీ మధ్య ఒక ప్రకటన వచ్చింది. అదే రంగు, అంతే పెద్ద అక్షరాలు. పెద్దమ్మ ఎప్పటిలాగే గంభీరంగా చదివింది: "ఇప్పుడే రమ్మీ ఆడండి, బోనస్ గెలవండి."

సంఘం అందుకుంది. రాగం చక్కగా కుదిరింది. పద్ధతి ప్రకారం రెండోసారి కూడా పాడారు. అప్పుడు పాస్టరు అయ్యగారు కళ్లు తెరిచారు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం ముట్టలేదు.

"నలభై ఏండ్లుగా అందిస్తున్నా పాపా. మందిరంలో పేకాట చదివినాను. ఇంకెవురినన్నా నిలబెట్టుకోమని చెప్తా."

"పాడినోళ్లకి లేని సిగ్గు నీకేందే?" అన్నాడు పెదనాన్న. "మీ తమ్ముడైతే రెండోసారి ఇంకా గట్టిగా పాడినాడు."

నేను కళాశాలలో మూడేళ్లు డిబేట్ జట్టులో ఉన్నాను. అనుమతి అడగకుండా మనిషి దృష్టిని లాక్కోవడం అన్యాయమనీ, దాన్ని అడ్డుకోవడం హక్కు అనీ నా వాదన. ప్రకటనలను అడ్డుకునే బ్రౌజరును ముందు పెద్దమ్మ ఫోనులో, తర్వాత సంఘంలోని ప్రతి ఫోనులో పెట్టాను. పెద్దమ్మ మళ్లీ ముందు నిలబడింది. అంతటితో ఆగక, అందరూ ఇలాగే చేయాలని యువజన కూడికలో ప్రసంగించాను. విన్నవాళ్లు ఆ మాటను చిల్లకూరు దాకా మోసుకెళ్లారు. ఎదుటి పక్షం హాజరుకాని చర్చలో నేనెన్నడూ ఓడిపోలేదు.

కొన్ని నెలలకు సైటులో పాటల పైన ఒక గమనిక కనిపించింది. పెద్దమ్మ దాన్ని నాకు పంక్తి పంక్తిగా అందించింది. సర్వర్ అద్దెకు ప్రకటనలే ఆధారమనీ, ఆ రాబడి ఆగిపోయినందున నెలాఖరుకు సైటు తీసేస్తున్నాననీ దాని సారాంశం.

"అయితే నెలాఖరు దాకా నేను నిలబడతా," అన్నది పెద్దమ్మ.

నేను ఆ సైటు యజమానికి ఫోను చేశాను. ఇంట్లో అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను.

"బ్రదర్, పాటల మధ్యలో రమ్మీ ప్రకటన ఎందుకు వేసినారు?"

"నేను యాడ వేసినాను సిస్టర్? చోటు మాత్రమే నాది. ఏది రావాలో కంపెనీవాళ్లు చూసుకుంటారు. ఫోన్లో మనం ఏం చూస్తే అట్టాంటివే వస్తాయంట. నాకైతే అన్నీ ప్రింటర్ ఇంకు ప్రకటనలే."

పెద్దమ్మ ఫోను ఆదివారం తప్ప మిగిలిన వారమంతా పెదనాన్న చేతిలోనే ఉంటుంది. పెద్దమ్మ ఆయన వైపు చూసింది. రొయ్యల గుంట దగ్గర మోటారు ఆగినట్టుందంటూ ఆయన లేచి వెళ్లాడు. మోటారు శబ్దం మా అందరికీ వినిపిస్తూనే ఉంది.

"జూదం ప్రకటనలు రాకుండా ఆపుకొనే వీలు మీకుంది గదా బ్రదర్?"

"ఉందా? ఎవురూ చెప్పలా. ఒక్కరు ఫోన్ చేసి అడిగినా కనుక్కొనుండేవాణ్ణి. అందరూ గమ్ముగా ఆపేసుకున్నారు, అంతే."

ఆ 'అందరూ' ఎవరి శిష్యులో నేను ఆయనతో చెప్పాను. ఆయన, ఆ జూదం ప్రకటనలను ఎట్టా ఆపాలో చెప్పమన్నాడు. చెప్పాను. పది నిమిషాల పని.

అనుమతి అడగకుండా తీసుకోవడం తప్పని ఊరూరా చెప్పించిన నేను, ఆయన టైపు చేసిన వందల పాటలను తీసుకుంటూ ఆయనను ఒక్క మాట అడగలేదు. మన వెనకాలే తిరిగి మనమేం చూస్తున్నామో కనిపెట్టే ప్రకటనలు తప్పేనని ఇప్పటికీ అంటాను. అయితే ఆ తప్పుకు శిక్ష పడింది కంపెనీకి కాదు, జిరాక్సు షాపుకు.

మా సంఘం ఫోన్లలో ఆ ఒక్క సైటుకు అడ్డు తీసేశాను. మిగిలిన ఊళ్లకు కబురు పెట్టాను. అడ్డు పెట్టమన్నప్పుడు వెంటనే విన్నవాళ్లు, తీయమంటే "చూద్దాం అక్కా" అంటున్నారు. ఆయన గడువును మరొక నెల పొడిగించాడు. పెద్దమ్మ కూడా అంతే పొడిగించింది.

కాబట్టి మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. ఎవరో ఒక్క మనిషి నడుపుతున్న సైటు, మీరు తరచూ వాడేది, ఒకటి ఎంచుకోండి. దానికి ఈ రోజే అడ్డు తీయండి. అక్కడ సహించలేని ప్రకటన కనిపిస్తే, మళ్లీ అడ్డు పెట్టే ముందు ఆ మనిషికి రెండు వాక్యాలు రాయండి.