ఆళ్లగడ్డ పెరట్లో తెల్లగడ్డ

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నాకు ఆళ్లగడ్డ బళ్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. నంద్యాలలో ట్రైనింగు ముగించుకుని, మా అమ్మను వెంటబెట్టుకుని, ఒక ట్రంకు పెట్టెతో బస్సు దిగాను. నాయన అప్పటికే లేడు. మాకు దొరికిన అద్దె ఇంటికి గదులు రెండే గానీ, వెనక పెరడు ఇంటికన్నా పెద్దది. మిరప, వంగ అందరూ వేస్తారు. నేను వెల్లుల్లి, మా వైపు మాటలో తెల్లగడ్డ, వేస్తానన్నాను. జొన్నరొట్టెలోకి వెల్లుల్లి కారం లేకపోతే నాకు ముద్ద దిగదు. బజారు గడ్డలేమో పైకి తెల్లగా ఉండేవి, ఒలిస్తే సగం పొట్టే.

పెరటి గోడ అవతల ఒక పెద్ద రైతు ఇల్లు. ఆ ఇంటి పెద్దామె అరవై దాటిన మనిషి. పొలం పనులన్నీ ఆమె నోటి మీదే నడిచేవి. మేము క్రైస్తవులం. ఆమె గోడ మీదుగా మాట్లాడేదే గానీ మా గడప తొక్కేది కాదు, మమ్మల్ని తన గడప తొక్కమనేదీ కాదు. ఎందుకో ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. దాని గురించి ఎవరం నోరెత్తేవాళ్లం కాదు.

నేను పార పట్టుకోవడం చూసి ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"ఏం చేస్తాండావ్ పంతులమ్మా?"

"తెల్లగడ్డ వేస్తాండానమ్మా."

"తెల్లగడ్డా! అది చలిదేశం పంట. ఈ ఎండకు ఈడ యాడ పండుతాది? తిక్క పని."

మొదటి ఏడు ఆమె మాటే నెగ్గింది. క్రిస్మస్ పండుగ అయ్యాక తీరిగ్గా రెబ్బలు నాటాను. ఆకులు బాగానే లేచాయి. అంతలోనే ఎండలు ముదిరాయి. తవ్వి చూస్తే రెబ్బలుగా విడిపోని ఒంటి గుండ్లు, రేగిపండ్లంత. పెద్దామె గోడ మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వింది. మా అమ్మ, "పోనీలే పాపా, వచ్చే ఏడు గోంగూర వేసుకుందాం" అంది. నాకు మాత్రం ఓడినట్టు అనిపించలేదు. మొక్క మొలిచింది, ఆకు వేసింది. లోపం నేలది కాదు, కాలానిది అనుకున్నాను.

ఆ సంగతి మరుసటి ఏడు వంటింట్లోనే తేలింది. దీపావళి దగ్గర పడి, తెల్లవారుజామున కాస్త చలి తగలగానే, గంపలో ఉన్న వెల్లుల్లి రెబ్బలు వాటంతటవే పచ్చగా మొలకలు వేశాయి. తనను నాటాల్సిన వేళ ఇదేనని గడ్డే చెబుతుంటే నేను క్రిస్మస్ దాకా ఎందుకు ఆగాలి? లావుపాటి రెబ్బలు ఏరి, తడి ఇసుకలో కప్పి, తాగేనీళ్ల కుండ కింద చల్లగా కొన్నాళ్లు ఉంచాను. ఆ చల్లదనం నిజంగా పనికొచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఆ తర్వాత ఏ ఏడూ ఆ పని మానలేదు. మాది నల్లరేగడి. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లిపోతుంది. అందుకని వాగు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి మడులు ఎత్తుగా కట్టాను. మొన పైకి ఉండేట్టు రెబ్బలు గుచ్చి, పైన జొన్నచొప్ప పరిచాను.

సంక్రాంతి దాటేసరికి మడులు పచ్చగా, దట్టంగా ఉన్నాయి. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పెరట్లో గోడ ఒక మూల కూలి ఉంది. పెద్దామె ఇంటి దూడ అందులోంచి దూరి మడులన్నీ తొక్కేసింది. మా అమ్మ తలుపు పట్టుకుని నిలబడి, "ఏమనగలం పాపా? పెద్దోళ్లు" అంది.

నేను మాత్రం గోడ దగ్గరికి పోయి గట్టిగా పిలిచాను.

"మీ దూడ నా మడులన్నీ తొక్కింది. వచ్చి చూడండమ్మా!"

ఆమె వచ్చి చూసింది. ముఖం మాడింది. తప్పయిందని అనలేదు. "నేను కంప కొట్టిస్తాలే. దూడను కట్టేయిస్తా" అని వెనక్కి తిరిగింది. చీకటి పడకముందే గండికి తుమ్మకంప అడ్డం పడింది. నేను పడిపోయిన మొక్కలను లేపి, మొదట్లో మట్టి అదిమి, పలచగా నీళ్లు చల్లాను. సగానికి పైగా తేరుకున్నాయి.

ఆకుల కొసలు పసుపు తిరగ్గానే నీళ్లు ఆపేశాను. ఈస్టరుకు ముందే గడ్డలు పీకాం. పెద్దవేమీ కావు. నిమ్మకాయంత ఉన్నాయి. కానీ రెబ్బ చిదిమితే ఘాటు ముక్కుపుటాలకు ఎక్కేది. జడల్లా అల్లి వసారాలో దూలానికి వేలాడదీశాం.

ఆ రోజుల్లోనే పెద్దామె కూతురు పురిటికి వచ్చి బిడ్డను కన్నది. బాలింతకు పాలు పడాలంటే తెల్లగడ్డ కారం పెట్టాలని ఆమె పట్టుదల. బజారులో పాత గడ్డలన్నీ ఎండిపోయి పొట్టు రాలుతున్నాయి. కొత్త సరుకు ఇంకా దిగలేదు. ఒక పొద్దున మా వీధి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఆమే, చేటతో. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"మా కూతురు నీళ్లాడింది. తెల్లగడ్డలుంటే ఇయ్యి పంతులమ్మా."

"లోపలికి రాండమ్మా. ఆడ దూలానికి ఉండాయి. మీకు నచ్చినవి ఏరుకోండి."

ఆమె ఒక్క క్షణం ఆగింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఒక్కో జడను పట్టి చూసి, రెబ్బ చిదిమి వాసన చూసి, చేట నింపుకుంది. మా అమ్మ పీట వేస్తే కూర్చుంది కూడా. "ఈ ఎండలో యెట్ల పండిస్తివే?" అని అడిగింది. నేను మొదటినుంచీ చెప్పాను. మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

ఆ దీపావళికి ఆమె పెరట్లోనూ మడులు లేచాయి. అన్నీ నేను చెప్పినట్టే చేసింది గానీ, చివర్లో నీళ్లు ఆపమంటే మాత్రం వినలేదు. "పైరు దప్పికతో చస్తాంటే చూస్తా కూర్చుంటానా?" అని కసిరింది. నేలలోనే గడ్డలు పగిలి రెబ్బలు విచ్చుకున్నాయి. అయినా నా గడ్డలకన్నా తనవే పెద్దవని వాదించింది. నిల్వ ఉండవు కాబట్టి వాటన్నిటినీ ఆవకాయలో వేసి, ఒక జాడీ మాకూ పంపింది. తిని చూశాను. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట సాయంత్రం గోడ దగ్గర ఆమెకే చెప్పాను.