శ్రీశైలానికి వాయవ్యాన

జలసంధి అనే మాటను నేను బడిలో సాంఘికశాస్త్రం పుస్తకంలో బట్టీ పట్టాను. రెండు పెద్ద జలభాగాలను కలిపే సన్నని నీటిపాయ. వరంగల్ జిల్లాలో చెరువులు తప్ప వేరే నీరు చూడనివాడికి ఆ నిర్వచనం పరీక్షలో రెండు మార్కులు, అంతకు మించి ఏమీ కాదు. అలాంటివాణ్ణి బతుకుదెరువుకు సౌదీలోని తబూక్ వచ్చి, ఎర్రసముద్రం ఉత్తరపు కొసన ఒక జలసంధి అడుగు కొలిచే పనిలో పడ్డాను.

అక్కడి భూగోళం చెప్పడం తేలికే. ఉత్తరాన అకబా సింధుశాఖ, సన్నగా, పొడుగ్గా, భయమేసేంత లోతుగా ఉంటుంది. దక్షిణాన ఎర్రసముద్రం. రెంటికీ నడుమ, గుమ్మంలో, తిరాన్ దీవి. దాని పక్కనే తూర్పున సనాఫిర్ దీవి. తిరాన్‌కు పడమట, సినాయ్ కొండల వైపు, ఓడలు వెళ్ళే లోతైన దారి ఉంది. తూర్పున మా వైపు అన్నీ పగడపు దిబ్బలే. నీరు లేత పచ్చగా ఉండి, ఉన్నట్టుండి సిరా రంగుకు మారుతుంది. ఆ రంగు మారిన చోట అడుగు మెట్టు దిగినట్టు దిగిపోతుంది. దీవుల మీద ఊళ్ళు లేవు, చెట్టు నీడ లేదు. ఒడ్డున కొండల్లోంచి వచ్చే వాగులకు పటంలో పొడుగాటి పేర్లుంటాయి. వెళ్ళి చూస్తే పేరు గొప్ప ఊరు దిబ్బ, ఒట్టి ఇసుక.

మా పడవ కింద బిగించిన యంత్రం అడుగుకు శబ్దం పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి లోతు చెబుతుంది. పడవను దారం పట్టినట్టు తిన్నగా నడపాలి. ఒక్కో నడకను మేం లైను అంటాం. లోతు ఎంత బాగా కొలిచినా, ఎక్కడ కొలిచామో సరిగ్గా చెప్పలేకపోతే అంతా చెత్తబుట్టకే. నడిపే కెప్టెన్ కరాచీవాడు. కొలిచేది నేనూ, భీమవరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక సహోద్యోగీ. నాకంటే చిన్నవాడు. గోదావరి జిల్లాల అలవాటు కొద్దీ నన్ను మాస్టారూ అనేవాడు. నేను తమ్మీ అనేవాణ్ణి.

అతనికి ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. పెంచింది అన్న. చేపల చెరువుల మీద కాపలా ఉండి తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించాడు. ఆ అన్న జబ్బుపడ్డ రోజుల్లో ఇతని ఇకామా, అంటే సౌదీలో ఉండే పర్మిట్, గడువు తీరి, రెన్యువల్ కంపెనీలో ఆగి ఉంది. ఇకామా లేనిదే ఊరికెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా రాదు. అది చేతికి వచ్చేసరికి ఊళ్ళో పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇంకొచ్చి ఏం చేస్తావులే అన్నారు ఇంట్లోవాళ్ళు. అతను వెళ్ళలేదు. మా దగ్గర ఆ సంగతి ఎత్తనూ లేదు.

సంవత్సరీకం అన్న కొడుకు చేశాడు. ఆ తర్వాత మహాలయ అమావాస్య వస్తోందనగా ఒకనాడు నాతో అన్నాడు. "అన్నయ్యకి ఒక్క దోసెడు నీళ్ళు నా చేత్తో వదలాలండీ. ఆయనకి చేరాలి. అంతే నాకు కావల్సింది."

వదులు, ఎవరొద్దన్నారు అన్నాను. చిక్కు అక్కడ లేదు. ఊరి పురోహితుడు ఫోన్‌లో సంకల్పం చదివి పంపాడు. సంకల్పంలో ముందుగా మనిషి తానెక్కడున్నాడో చెప్పుకోవాలి కదా. ఆయన అలవాటుగా శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే అని చదివాడు.

"మనం అక్కడ లేం కదండీ," అన్నాడు ఇతను.

"లేకుంటే ఏంది? పైన ఎవడన్న జీపీఎస్ పట్టుకొని కూసున్నడా?"

"ఇక్కడ జానెడు తేడా వస్తేనే లైను మళ్ళీ కొట్టిస్తారు మీరు. అన్నయ్య దగ్గర అబద్ధమాడమంటారేంటండీ?"

నాకు ఒళ్ళు మండింది. నాకు ఈ తంతుల మీద నమ్మకం లేదు, నమ్మేవాళ్ళ చాదస్తం మీద ఓపికా లేదు. పురోహితుడికే ఫోన్ చేయమన్నాను. ఆయన మంచివాడు, మనసులో ఊరిని తలుచుకుంటే చాలు నాయనా అన్నాడు. ఇతను సరేనండీ అని ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, చాలదండీ అన్నాడు.

చివరికి ఇద్దరం పటం ముందేసుకుని కూర్చున్నాం. జంబూద్వీపం దాకా పేచీ లేదు. భరతఖండం దగ్గర కొట్టేశాడు. శ్రీశైలం నుంచి గీత గీసి చూస్తే మేమున్నది వాయవ్యం. అది తేలిపోయింది. మరి ఏ రెండు నదుల మధ్య? ఒడ్డునున్న వాగుల పేర్లు పెట్టుకోమన్నాను. "నీళ్ళే లేనిదాని పేరు చెప్పి నీళ్ళొదలమంటారా?" అన్నాడు. అదీ నిజమే. ఇంటర్లో మార్కుల కోసం తీసుకున్న సంస్కృతం నాకు జీవితంలో ఒకేసారి పనికొచ్చింది. ద్వీపద్వయ మధ్యే అని రాసిచ్చాను, రెండు దీవుల నడుమ అని. దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని, ఇది కరెక్టండీ అన్నాడు.

అమావాస్య నాడు పొద్దున్నే తిరాన్‌కూ సనాఫిర్‌కూ మధ్య మా లైన్ల దగ్గరికి వెళ్ళాం. కెప్టెన్‌కు సంగతి చెప్పాను. "భాయ్ కో పానీ దేనా హై? దేదో. ఇంజన్ బంద్ కర్తా హూఁ," అని ఇంజన్ ఆపి, అటు తిరిగి కూర్చున్నాడు.

లైఫ్ జాకెట్ తీయడానికి వీల్లేదు. నారింజరంగు జాకెట్ మీదే ఇతను దక్షిణానికి తిరిగి నిలబడ్డాడు. ఇంజన్ ఆగిన పడవ ఒక దిక్కున నిలవదు కదా. అది తిరిగినప్పుడల్లా నేను కుడికి, ఇంకొంచెం, ఇగ చాలు అని చెబుతుంటే అతను పాదాలు జరుపుకుంటూ తిరిగాడు. ఇంకొకరోజైతే నవ్వేవాణ్ణి.

దోసిట్లో సముద్రపు నీళ్ళు, నల్ల నువ్వులు. శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, ద్వీపద్వయ మధ్యే అని తడబడకుండా చెప్పాడు. గోత్రం చెప్పాడు. అన్న పేరు చెప్పాడు. వదలబోతూ ఆగిపోయాడు.

"మాస్టారూ, ఇక్కడి నీళ్ళు ఎటు పోతాయండీ?"

కొన్నింటికి జవాబు తెలియకపోవడమే మేలు. నాకు తెలుసు.

"ఉత్తరానికి. సింధుశాఖ లోపలికి."

దాని అవతలి కొస మూసి ఉంటుందని అతనికీ తెలుసు. "అయితే మన సముద్రానికి పోవన్నమాట," అన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆ ముఖం చూసి నాకు నిజంగా భయమేసింది.

"పోతయ్ తమ్మీ, విను. పైనీళ్ళు లోపటికి పోతయ్. ఆడ నది లేదు, వాన లేదు. ఎండకు నీళ్ళు ఆవిరైతయ్, ఉప్పు మిగుల్తది. చలికాలం ఆ ఉప్పునీళ్ళు సల్లబడి, బరువెక్కి అడుగుకు దిగుతయ్. దిగి ఆడనే ఉండవు. ఇదే గుమ్మంల, అడుగుకెల్లి మళ్ళ బయటికొస్తయ్. ఎర్రసముద్రం పొడుగునా పోయి, ఆ కొసకున్న బాబ్ అల్ మందబ్ జలసంధి దాటితే ఇగ అంతా మన సముద్రమే."

"ఎన్నాళ్ళు పడుద్దండీ?"

"ఏండ్లు పడ్తది. ఎన్నో నాకు తెల్వది."

"కానీ చేరతాయి కదండీ?"

"చేరుతయ్."

ఇందులో నేను కల్పించింది లేదు. ఏ దోసెడు నీళ్ళు ఏ ఒడ్డుకు చేరతాయో ఎవరూ చెప్పలేరన్న ఒక్క ముక్క మాత్రం మింగేశాను.

దోసిలి ఖాళీ అయింది. వంగి మళ్ళీ నీళ్ళు ముంచాడు, నువ్వులు వేసుకున్నాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"మాట పడిపోయేదాకా మా అన్నయ్య ఒకటే అడిగేవాడంటండీ, తమ్ముడు బయల్దేరాడా అని. పాపం మా వదిన అడిగిన ప్రతిసారీ బయల్దేరాడనే చెప్పిందంట."

పడవ మళ్ళీ తిరిగింది. నేను చెప్పకుండానే అతను దక్షిణానికి జరిగి నిలబడ్డాడు. ఈసారి సంకల్పం చెప్పలేదు, మంత్రమూ చెప్పలేదు. బొటనవేలి పక్కనుంచి నీళ్ళు వదులుతూ, పక్క గదిలోని మనిషికి చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"అన్నయ్యా, బయల్దేరాను."